మోకాళ్ళ నొప్పులని చెప్పరా

జూన్ 4

అత్తా,

ముందు దణ్ణం, వెనకే సంజాయిషీ. నెలరోజులుగా ఉత్తరం ముక్క లేదని బావ చేత ఫోన్లో తిట్టించావు. తిట్లన్నీ అందాయి, ఒక్కటీ దారిలో పడిపోలేదు.

ఆలస్యానికి కారణం ఉంది. ఉద్యోగం మారాను. కొరియర్ ఆఫీసులో చీటీలు అంటించే పనికి నమస్కారం పెట్టేసి, పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో దుబాసీగా చేరాను. నవ్వకు. పాతకాలం మాటే అయినా పనికి అదే తగిన పేరు. ఇక్కడి భాష రాని మనవాళ్ళు డాక్టరు దగ్గరికి వస్తారు. మధ్యలో నేను కుర్చీ వేసుకుని వీళ్ళ మాట వాళ్ళకీ, వాళ్ళ మాట వీళ్ళకీ చెప్పాలి. మనింట్లో ఇదే పని చేస్తే చాడీలు మోస్తోందని వీపు మీద ఒక్కటిచ్చేదానివి. ఇక్కడ జీతమిస్తున్నారు.

గది చిన్నది. మూడు కుర్చీలు, కాగితపు రుమాళ్ళ డబ్బా, సగం దాకానే తెరుచుకునే కిటికీ. గోడ గడియారం డాక్టరమ్మకి కనబడుతుంది, వచ్చినవాళ్ళకి కనబడదు. డాక్టరమ్మ నాకన్నా చిన్నది. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "మీరు దేన్నీ చక్కదిద్దకండి. వాళ్ళు తడబడితే మీరూ తడబడండి. తలాతోకా లేకుండా మాట్లాడితే అలాగే చెప్పండి. ఒక్కోసారి నాకు కావలసింది ఆ తడబాటే." నేను సరేనన్నాను గానీ అదెంత కష్టమో తర్వాత తెలిసింది. పెద్దవాళ్ళు మాట మధ్యలో తడుముకుంటే అందించడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు కదా, నాలుక దానంతటదే ముందుకి పోతుంది.

ఇంతకుమించి చెప్పను. ఆ గదిలో మాట ఆ గదిలోనే ఉండాలని సంతకం పెట్టాను. కాబట్టి "ఎవరే, ఏమయిందే, పెళ్ళయిందా" అని ఆరా తియ్యకు.

నువ్వెలా ఉన్నావు? ఆరో అంతస్తు అలవాటయిందా? మిషను కుడుతున్నావా? నాకు రెండు జాకెట్లు బాకీ ఉన్నావు, గుర్తుందా?

నీ మేనకోడలు,
చాడీల ఉద్యోగిని


జూన్ 15

వాగుడుకాయకి,

అత్త దీవించి, దీవెనలో రెండు మొట్టికాయలు కలిపి రాస్తున్నది. చిన్నప్పుడు నీ నోరు మూయించడానికి నోట్లో బిస్కెట్టు కుక్కేదాన్ని. ఇప్పుడా నోటికే జీతమంటే వినడానికి బాగానే ఉంది. కానీ పోయిపోయి పిచ్చాసుపత్రే దొరికిందా తల్లీ? పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోవచ్చుగా? అక్కడెవరూ నోరు తెరిచి మాట్లాడలేరు కాబట్టి పని కూడా తక్కువ.

ఇక్కడ బాగానే ఉంది. మీ బావ పొద్దున పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. ఈ ఊరివాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకి రాదు. లిఫ్టులో ఎవరైనా ఎక్కితే నవ్వుతాను, వాళ్ళూ నవ్వుతారు, అక్కడితో సంభాషణ సమాప్తం. పాత అలవాటు కొద్దీ కళ్ళతోనే కొలతలు తీసుకుంటాను. నాలుగో అంతస్తావిడ వేసుకునే చొక్కాకి భుజం కుట్టు తప్పు, విప్పి కుట్టిపెడతానని చెప్పాలని నాలుక పీకుతుంది. ఎలా చెప్పను?

మిషను కుట్టడం లేదే. చప్పుడవుతోందని కిందింటావిడ చెప్పి పంపింది. మీ బావ రబ్బరు ముక్కలు తెచ్చి కాళ్ళ కింద వేశాడు, అయినా నాకే బుద్ధి పుట్టడం లేదు. దుప్పటి కప్పి ఉంచాను. జాకెట్లు ఎక్కడికీ పోవులే. బట్టలు గదిలోనే ఆరేస్తున్నాను, బాల్కనీలో ఎండ ఎక్కువ. మోకాళ్ళు కూడా అంతంత మాత్రం. మీ బావ డాక్టరు దగ్గరికి తిప్పుతున్నాడు.

వాడు పనిమీద మీ ఊరు వస్తాడట వచ్చే నెలలో. మీ ఇద్దరికీ ముడిపెడదామని నేను చూసినప్పుడు ఇద్దరూ ఒకేసారి చెరో దిక్కుకి పరుగెత్తారు. ఇప్పుడు కనీసం రెండు పూటలు అన్నమైనా పెట్టు వాడికి.

అత్త


జూలై 1

అత్తా,

ఎండ ఎక్కువగా ఉందని బట్టలు ఇంట్లో ఆరేసుకునే మనిషిని నిన్నే చూశాను. రేపు వాన ఎక్కువగా ఉందని మొక్కలకి నీళ్ళు పోస్తావా ఏం?

బావకి రెండు పూటలేం ఖర్మ, నాలుగు పూటలు పెడతాను. నా వంట తిని బతికి బట్టకడితే నీ దగ్గరికే వస్తాడు.

పని నేర్చుకుంటున్నాను. సాయంత్రమయ్యేసరికి గొంతు ఉండదు. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను, నీకూ ఉత్తరాలే ఇష్టం కదా. మధ్యాహ్నం పూట ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే బిస్కెట్లు తింటాను. బిస్కెట్టుతో మాట్లాడక్కర్లేదు, అది మాట్లాడితే ఇంకో భాషలో చెప్పక్కర్లేదు. కొన్ని మాటలు మాత్రం నాతో ఇంటిదాకా వస్తాయి. బస్సు దిగాక కూడా దిగవు. పోతాయిలే, కాళ్ళు కడుక్కుంటే పోతాయి.

మా ఇంటివాళ్ళ కుళాయి మళ్ళీ కారుతోంది. బాగుచేసేవాడు వచ్చి, చూసి, పెద్ద నిట్టూర్పు విడిచి వెళ్ళిపోయాడు. ఆ నిట్టూర్పుని ఏ భాషలోకీ మార్చలేను.

మోకాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టు.

వాగుడుకాయ


జూలై 14

బంగారుతల్లీ,

మీ బావ నిన్న మీ ఊరి నుంచి తిరిగొచ్చాడు. వచ్చినప్పటి నుంచీ ముఖం వేలాడేసుకుని తిరుగుతున్నాడు. గట్టిగా నిలదీస్తే చెప్పాడు. ఆదివారం పొద్దున నువ్వు గదిలో తలుపేసుకుని మాట్లాడుకుంటున్నావట. అక్కడ డాక్టరూ లేదు, రోగీ లేడు, ఆసుపత్రీ కాదు. "మీకు నిద్రపట్టక ఎన్నాళ్ళయింది?" అని తెలుగులో అడుగుతావట. కాసేపాగి "నాకు నిద్ర లేదు, నాకు బతకాలని లేదు" అని మీ ఊరి భాషలో నువ్వే చెబుతావట, అది వాడికీ కాస్త అర్థమవుతుందిగా. ప్రశ్నా నీదే, జవాబూ నీదే. వాడు కాఫీ గ్లాసు పట్టుకుని తలుపు బయట కొయ్యబారిపోయాడు. నువ్వేమో బయటికొచ్చి, "టిఫినేం చేద్దాం బావా?" అన్నావట, ఏమీ జరగనట్టు.

ఆ మెట్ల మీద బిస్కెట్లు, ఇంటిదాకా వచ్చే మాటలు అని నువ్వు రాసినప్పుడే నాకు కీడు తోచింది. తల్లీ, నేను హాస్యానికి రాయడం లేదు. నాకు తెలుసే అది ఎలా ఉంటుందో. పొద్దున కళ్ళు తెరవగానే ఇంకో రోజెందుకొచ్చిందిరా దేవుడా అనిపిస్తుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టి. ఏడుపు రాదు, వస్తే బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడవాలి, బయటికి వినబడకుండా. మనమున్నా ఒకటే, లేకపోయినా ఒకటే, లేకపోతే పిల్లాడికి ఓ బరువైనా తగ్గుతుంది అనిపిస్తుంది. అది నిజం కాదు. దాని మాట నమ్మకు. ఆ మాట చెప్పేది నీ బుద్ధి కాదు.

నీదీ మేడ మీద ఇల్లే కదా. నేను చేసినట్టు చెయ్యి. బాల్కనీ తలుపుకి గొళ్ళెం పెట్టి, అడ్డంగా బరువైనదేదైనా జరుపు. నేను మిషను జరిపాను. దాన్ని కదపాలంటే బద్ధకమేస్తుంది. బద్ధకం కూడా మంచిదే ఒక్కోసారి.

ఆ ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చెయ్యి. ఇద్దరం ఒకరినొకరం కాపలా కాసుకుందాం.

నీ అత్త


జూలై 20

అత్తా,

నువ్వు నన్ను బంగారుతల్లీ అనేసరికే భయమేసింది. ఎవరో పోయారనుకున్నాను.

ముందు నా సంగతి. నేను నిక్షేపంలా ఉన్నాను. ఆదివారం నేను చేసింది నా పనే. ఆసుపత్రికి రాలేని వాళ్ళుంటారు. డాక్టరమ్మ ఒకచోటి నుంచి, ఆ మనిషి ఒకచోటి నుంచి, నేను ఇంకోచోటి నుంచి, ముగ్గురం ఒకే ఫోన్లో మాట్లాడతాం. వాళ్ళ మాటలు నా చెవిలోనే వినబడతాయి, నా మాట గోడకి కూడా వినబడుతుంది. ఇక "నాకు" అనడం అంటావా, మా పని అంతే. "ఆవిడకి నిద్ర లేదంటోంది" అనకూడదు, "నాకు నిద్ర లేదు" అనాలి. లేకపోతే డాక్టరు నాతో మాట్లాడటం మొదలుపెడుతుంది, ఆ మనిషి కూరల సంచీలాగా పక్కన పడి ఉంటుంది.

బావ కాఫీ గ్లాసుతో నిలబడ్డాడని తలుచుకుని కడుపుబ్బ నవ్వాను. తర్వాత సిగ్గేసింది. ఇంట్లో మనిషుండగా ఆ ఫోను తీసుకోవడం నా తప్పే. మా పై ఆఫీసరుకి చెప్పాను, చీవాట్లు తిన్నాను. విన్నది మరిచిపొమ్మని బావకి చెప్పు, అది వాడి చెవికి రావలసిన మాట కాదు.

ఇక నవ్వడం అయింది. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అందులో నా గురించి నాలుగు ముక్కలున్నాయి, మిగతాదంతా నీ గురించే. బట్టలు లోపల ఆరేస్తున్నానని నువ్వు రాస్తే నేను పళ్ళికిలించాను. రోజంతా ఇవే మాటలు వినే దాన్ని, మా అత్త రాస్తే హాస్యమనుకున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

ఉత్తరం అందగానే ఫోన్ చేస్తే మోకాళ్ళ గురించి చెప్పి పెట్టేశావు. పక్కన బావ ఉన్నాడని అర్థమైంది. అందుకే ఇది నీ చేతికే ఇవ్వమని కొరియర్లో పంపుతున్నాను. డాక్టరమ్మ ఎలా అడుగుతుందో అలాగే అడుగుతాను, నాన్చకుండా. అత్తా, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా? అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళకి భయం. పుట్టదు. ఉన్నది బయటికి రావడానికి తోవ దొరుకుతుంది, అంతే.

రోజూ సాయంత్రం నీకు ఫోన్ చేస్తాను. బావ పక్కనే ఉన్నా పరవాలేదు. బాగుంటే "వంటయింది" అను. బాగాలేకపోతే "ఇంకా పొయ్యి మీదే ఉంది" అను. ఈ కాగితం వెనక ఓ నంబరు రాశాను, రాత్రీ పగలూ తీస్తారు, మన భాషవాళ్ళని కలుపుతారు. దాచుకో.

నీ వాగుడుకాయ


జూలై 27

ఒసేయ్,

నిన్ను ఓదారుద్దామని నేనొస్తే నన్నే రోగిని చేశావు! ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు. ఉలుకొచ్చింది. ఉత్తరం చింపబోయాను, చింపలేదు, బియ్యం డబ్బాలో పెట్టాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. అనిపిస్తోంది. ఇదిగో, రాసేశాను. అక్షరాలు కుట్టు తప్పాయి, సర్దుకుని చదువుకో.

ఇంకో సంగతి. మీ బావ నన్ను తీసుకెళ్తున్నది మోకాళ్ళ డాక్టరు దగ్గరికి కాదు. నేను నిద్రపోవడం లేదని కనిపెట్టి మనసు డాక్టరు దగ్గరికే తీసుకెళ్తున్నాడు. పెద్దాయన, నెరిసిన గడ్డం, నెమ్మదైన మనిషి. మధ్యలో దుబాసీ ఎవరనుకున్నావు? మీ బావే. డాక్టరు ఏదో అడుగుతాడు. వీడు నావైపు తిరిగి, "మోకాళ్ళెలా ఉన్నాయమ్మా?" అంటాడు. నేను, "నొప్పులని చెప్పరా" అంటాను. వీడు చెబుతాడు. ఆయన పాపం పూత మందు రాసిచ్చాడు. మనసు డాక్టరు చేత మోకాళ్ళకి మందు రాయించిన ఘనత మన వంశంలో నాదే.

మరేం చెయ్యనే? నేను అసలు మాట చెబితే వాడది తన నోటితో అనాలి కదా? నా కడుపున పుట్టినవాడి చేత "నాకు బతకాలని లేదు" అనిపించనా? పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు. అది తల్లి మాటా, కొడుకు మాటా అని ఆగి ఆరా తీస్తారా వాళ్ళు? మోకాళ్ళయితే ఎవరికొచ్చినా పరవాలేదు.

నువ్వు రా. నువ్వొచ్చి మధ్యలో కూర్చో. నీకైతే చెబుతాను. మీ బావకి మాత్రం ఒక్క ముక్క చెప్పావంటే నా మీద ఒట్టే.

అత్త


ఆగస్టు 2

అత్తా,

రాసినందుకు నీ చేతికి దణ్ణం. కుట్టు తప్పినా రాసింది కదా.

నేను రాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. చూడటానికి వస్తాను, నీ దగ్గర నాలుగు రోజులుంటాను. ఆ మధ్య కుర్చీలో మాత్రం కూర్చోను. సొంతవాళ్ళకి చెయ్యకూడదని మాకు నియమం ఉంది. నియమం లేకపోయినా చెయ్యలేను. నువ్వు "చచ్చిపోవాలని ఉంది" అంటే నా నోట్లోంచి "కొంచెం నీరసంగా ఉంది" అని వస్తుంది. ఎవరి మాటైనా మోస్తానుగానీ ఈ మాట మొయ్యలేను. నువ్వు కూడా నా ముఖం చూసి సగం మింగేస్తావు. బావ దగ్గర మింగినట్టే.

నీకు కావలసింది పరాయి మనిషి. నీ ముద్ద తినని మనిషి, పండక్కీ పబ్బానికీ కనబడని మనిషి. దుబాసీ కావాలని అడగడం నీ హక్కు, ఒకరోజు ముందు చెబితే ఆసుపత్రివాళ్ళే పిలిపిస్తారు. ఆడమనిషే కావాలన్నా అడగొచ్చు, ఉంటే పంపుతారు. బావ బయట కూర్చోవాలి.

ఇక నీ ఒట్టు సంగతి. ఒట్టు తీసి గట్టున పెట్టు. అవసరం పడితే చెబుతాను.

నీ మేనకోడలు


ఆగస్టు 12

శ్రీమతి దుబాసీ గారికి,

రానన్నావు. సంతోషం. ఊరందరి మాటలూ నీ నోట్లో పడతాయి, అత్త మాట దగ్గరికొచ్చేసరికి బరువైపోయింది. పెద్ద ఉద్యోగం చేసేవాళ్ళు, మాబోటి వాళ్ళ పక్కన కూర్చుంటే పరువు తక్కువేమో.

ఇంకో సంగతి. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు "ఇంకా పొయ్యి మీదే ఉంది" అన్నాను. నిజంగానే కూర పొయ్యి మీద ఉందే తల్లీ! దానికి నువ్వు మీ బావకి ఫోన్ చేసి ఏం చెప్పావో, వాడు చేస్తున్న పని అక్కడే వదిలేసి, లిఫ్టు రాలేదని ఆరంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు. గరిటె పట్టుకుని తలుపు తీశాను. వాడు ఆయాసపడుతున్నాడు. గరిటెని చూశాడు, నన్ను చూశాడు, గుమ్మంలోనే కూలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి బాల్కనీ తలుపుకి అడ్డంగా ఉన్న మిషను వైపు చూశాడు. ఇన్నాళ్ళూ అదక్కడ ఎందుకుందో అడగలేదు, ఆ రోజూ అడగలేదు.

అప్పటి నుంచి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. నేను వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, హాల్లోకి వస్తే హాల్లోకి. బాత్‌రూమ్ బయట నిలబడి దగ్గుతాడు. ఒట్టు దాటినదానితో నాకు మాటల్లేవు. ఈ ఉత్తరం కూడా నీకు మాటల్లేవని చెప్పడానికే.

మీ బావగారి తల్లి


ఆగస్టు 16

అత్తా,

తిట్టు. ఒట్టు దాటాను, మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ దాటుతాను. నువ్వు నా మీద ఎన్నాళ్ళైనా కోపంగా ఉండు. కోప్పడటానికైనా నువ్వుండాలి నాకు.

పరువు తక్కువని రాశావే, ఆ ఒక్క మాటకి ఏడ్చాను. నువ్వు కుట్టిన గౌన్లు వేసుకుని పెరిగినదాన్ని. సరే, అది వేరే రోజు పోట్లాడుకుందాం.

బుధవారం డాక్టరు రమ్మన్నాడని బావ చెప్పాడు. దుబాసీ కావాలని బావ చేతే చెప్పించాను, వాడు మారు మాట్లాడకుండా చెప్పాడు. వెళ్ళడం, మానడం నీ ఇష్టం. వెళ్తే ఇలా ఉంటుంది. దుబాసీ నీ పక్కన కాస్త వెనగ్గా కూర్చుంటారు. నువ్వు డాక్టరునే చూస్తూ మాట్లాడు. ఒక్కసారే నీ పురాణమంతా విప్పకు, కొంచెం కొంచెంగా చెప్పు. అక్కడ విన్నది వాళ్ళు బయట పెట్టరు, నాకూ తెలియదు, బావకీ తెలియదు. ఇంకో జాగ్రత్త. "ఇది చెప్పకండి" అని గొణిగితే, ఆ గొణుగుడు కూడా చెప్పేస్తారు.

సాయంత్రం ఫోన్ చేస్తూనే ఉంటాను. మాటల్లేకపోయినా ఎత్తు.

వాగుడుకాయ


ఆగస్టు 29

వాగుడుకాయకి,

ఆ పేరు మళ్ళీ రాశానంటే కోపం పోయిందని అర్థం. మొత్తం పోలేదు, నువ్వొచ్చినప్పుడు వడ్డించడానికి కాస్త దాచి ఉంచాను. పరువు మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పూట నా నోరు నా అదుపులో లేదు.

ముందు ఓ అబద్ధం దిద్దుకోవాలి. ఆ రోజు పొయ్యి మీద ఏ కూరా లేదు. పొయ్యి వెలిగించనే లేదు. తలుపు దడదడా కొట్టేసరికి గరిటె చేతిలోకి తీసుకున్నాను.

బుధవారం వెళ్ళాను. నీలాంటి పిల్లెవరో వస్తుందనుకున్నాను. వచ్చినవాడు గుబురు మీసాలాయన, రెండు కుర్చీలకి సరిపడా మనిషి. ఆడవాళ్ళెవరూ ఖాళీ లేరట. వెనక్కి పోదామా అనుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని, "అమ్మా, మీరేమంటే అదే అంటాను, ఎక్కువా ఉండదు తక్కువా ఉండదు" అన్నాడు. మా దర్జీ పని మాటలా వినబడి కూర్చున్నాను. మీ బావ బయట బెంచీ మీద ఉండిపోయాడు.

డాక్టరు ఎలా ఉన్నారంటే, అలవాటు కొద్దీ నా నోట్లోంచి మోకాళ్ళే వచ్చాయి. మీసాలాయన మోకాళ్ళనే చెప్పాడు. "అయ్యో, అది కాదు నాయనా, చెప్పకు, ఆగు" అన్నాను. అదీ చెప్పేశాడు! డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళయిందో నవ్వి.

ఆ తర్వాత చెప్పాను. నీకు రాసినవన్నీ, రాయనివి కూడా. మీసాలాయన గొంతు పెంచలేదు, దించలేదు, నేను ఆగిన చోట తనూ ఆగాడు. నాకా భాష రాకపోయినా ఏ ముక్క ఎక్కడుందో తెలిసిపోయింది. అంత మనిషి, అన్ని మీసాలు పెట్టుకుని, "నాకు బతకాలని లేదు" అంటూ కూర్చుంటే నాకు జాలేసింది. పాపం ఎంత కష్టపడుతున్నాడో అని వీపు నిమరబోయాను. ఆ కష్టం నాదేనని అప్పుడు తట్టింది, అప్పుడు ఏడుపొచ్చింది. కుళాయి చప్పుడు లేకుండా, నలుగురూ వినేలాగా ఏడ్చాను. తథాస్తు దేవతలకి ఆ భాష రాదు కాబోలు, పైకప్పు ఊడి పడలేదు.

మిషను అడ్డం పెట్టడం మంచిపని అన్నాడు డాక్టరు. ఇంకా బలంగా తాళం పెట్టించుకుందాం, మందు మొదలుపెడదాం, వారం వారం రండి, ఇలాగే మాట్లాడుకుందాం అన్నాడు. ఇది జబ్బు, దీనికి దారి ఉంది అని కూడా అన్నాడు. ఆ మాట మీసాలాయన నోట మన భాషలో విన్నాను కాబట్టి నమ్మాను.

లేవబోతుంటే డాక్టరు కాగితాలు వెనక్కి తిప్పి అడిగాడు. "వచ్చిన ప్రతిసారీ మిమ్మల్ని ఇదే అడిగాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని. ప్రతిసారీ లేదన్నారు కదమ్మా?" నేను తెల్లబోయాను. "నన్నెప్పుడడిగారు డాక్టరు గారూ? మోకాళ్ళెలా ఉన్నాయనే కదా అడిగారు?" అన్నాను. మీసాలాయన అది చెప్పాడు. డాక్టరు పెన్ను కింద పెట్టి తలుపు వైపు చూశాడు. 

బయటికొచ్చాను. మీ బావ లేచి నిలబడ్డాడు. "ఏరా, డాక్టరు అడగమన్నది నన్నెప్పుడైనా అడిగావా?" అన్నాను.

వాడి ముఖం చూడాలి. "అడగలేకపోయానమ్మా" అన్నాడు. "ఆయన అడగమన్నప్పుడల్లా నీవైపు తిరిగేవాణ్ణి. మాట నోటిదాకా వచ్చేది. నీ ముఖం చూసి మోకాళ్ళెలా ఉన్నాయమ్మా అనేవాణ్ణి. నువ్వు ఔనంటే తట్టుకోలేనని భయం. నువ్వు నొప్పులన్నావు కదా, ఆయనకేమో అలాంటి ఆలోచన లేదంటోంది, మోకాళ్ళ నొప్పులే అంటోందని చెప్పేశాను."

విన్నావుటే! నా మాట వాడి నోట్లో పడకూడదని నేను, డాక్టరు మాట నా చెవిన పడకూడదని వాడు. ఇద్దరం కలిసి ఏ పాపమూ ఎరగని నా మోకాళ్ళ మీద ఇంత బరువు పెట్టాం. ఈ జన్మలో వాటికసలు నొప్పే లేదు. ఎదురుగా అంత చదువుకున్న పెద్దమనిషిని కూర్చోబెట్టి, ముద్దు మాటలు చెప్పుకుని ఇంటికొచ్చేవాళ్ళం. వాణ్ణి కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. బెంచీ మీద కూర్చున్నాను. వాడూ పక్కన కూర్చున్నాడు. మీసాలాయన మా ముందు నుంచే పోయాడు, ఎవరో తెలియనట్టు.

తర్వాత వాడు నావైపు తిరిగాడు. పక్కన డాక్టరు లేడు, దుబాసీ లేడు.

"అమ్మా, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అన్నాడు.

"అనిపిస్తోందిరా. చెప్పాక కాస్త తగ్గింది" అన్నాను.

వాడు ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "రేపు కూడా అడుగుతాను" అన్నాడు.

అడుగుతున్నాడే. ఒక్క రోజు మానలేదు. కొన్ని రోజులు ఔనన్నాను, కొన్ని రోజులు తెలీదన్నాను. ఏమన్నా వింటున్నాడు, పారిపోవడం లేదు. ఇవాళ పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని, నురుగుతో వచ్చి అడిగాడు. "ముందు నోరు కడుక్కుని రారా వెధవా, అప్పుడు చెబుతాను" అన్నాను.

నీ అత్త